చెప్పకుండానే ఆగిన ప్రోగ్రాం

దయ్యాలను నమ్మడానికి కూడా కొంచెం ఓపిక కావాలి. నాకు ఆ ఓపిక ఎప్పుడూ లేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

తొంభైల చివర. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని అందరూ కంగారుపడుతున్న రోజులు. నేను కొత్తగూడ దగ్గర ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌ని. చుట్టూ బండరాళ్లు, కంకర లారీలు, దుమ్ము. ఆదివారాలూ పనే. ఒక ఆస్పత్రి బ్లడ్ బ్యాంకు కోసం మేం రాస్తున్న ప్రోగ్రాం, రక్తం ప్యాకెట్ల మీద అంటించే లేబుళ్లు అచ్చువేస్తుంది.

లేబుళ్ల భాగం రాసింది నా పక్క సీటు యాదగిరి. శేరిలింగంపల్లి అతనిది. జ్వరమని సెలవు పెట్టి వెళ్లినవాడు, దవాఖానలో నాలుగో రోజు చనిపోయాడు. ముప్పై కూడా నిండలేదు. అతని పని నాకు అప్పగించారు.

అతను పోయిన నెలకు, మేం వాడే డీబగ్గర్ కొత్త వెర్షన్ వచ్చింది. ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో వెతికి పెట్టే పనిముట్టు అది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి ఉచితంగా పంచేది. ఫోన్ లైన్ మీద దించుకోవడానికి రెండు రోజులు పట్టింది. అప్పటికే నా కంప్యూటర్‌లో డిస్కు పాడైతే కొత్తది వేశారు. యాదగిరి లాగిన్ తీసేశారు. ఈ సంగతులు తర్వాత ఎన్నిసార్లు సరిచూసుకున్నానో.

మధ్యాహ్నం మూడు గంటలు. మర్నాడు ఆస్పత్రిలో ప్రోగ్రాం పెట్టాలి. కొత్త డీబగ్గర్ ఎలా ఉందో చూద్దామని అందులో మా ప్రోగ్రాంను నడిపాను. ఆగిపోయింది.

‘ఈ వరుస దగ్గర ఆగు’ అని మనం ముందే గుర్తు పెడితేనే అది అలా ఆగుతుంది. నేను ఏ గుర్తూ పెట్టలేదు, కొత్త డిస్కులో పాత గుర్తులు మిగిలే వీలూ లేదు. తెర మీద మాత్రం, గుర్తు దగ్గర ఆగానని ఉంది. యాదగిరి రాసిన లేబుళ్ల భాగంలో.

నాకు భయం వేయలేదు, విసుగొచ్చింది. ముందుకు నడపబోయి, ఎందుకో ఆ వరుస చదివాను. ఒకే నిమిషంలో ఇద్దరు రోగులకు రక్తం అడిగితే, రెండో ప్యాకెట్ మీద మొదటి మనిషి బ్లడ్ గ్రూపు పడుతుంది. మా పరీక్షల్లో ఎప్పుడూ ఒక్కొక్కరికే అడిగాం కాబట్టి బయటపడలేదు. తప్పు రక్తం ఎక్కితే ప్రాణాలే పోవచ్చు.

మా టీమ్ లీడర్ మూర్తిగారిని పిలిచి చూపించాను. గుంటూరు వైపు మనిషి.

“ఎలా పట్టుకున్నారండీ దీన్ని?”

“నేను కాదండి. అదే ఆగింది.”

ఆయన నా మొహం చూసి, “ముందు సరిచేయండి. టీ చెప్తాను” అన్నారు.

సరిచేసి మళ్లీ నడిపితే ఆగలేదు. పాత కాపీ తెచ్చి నడిపినా ఆగలేదు. డీబగ్గర్‌ను గుర్తుల జాబితా అడిగితే ఒక్కటీ లేదంది.

వారం తర్వాత, ఆఫీసులో మిగిలిపోయిన యాదగిరి టిఫిన్ డబ్బా, స్వెటర్ ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. అతని భార్య రేణుకతో ఏం మాట్లాడాలో తోచక, ఆయన పనిలో చిన్న తప్పుంటే సరిచేశామని చెప్పాను.

“లేబుళ్లదా అక్కా?” అంది.

“నీకెలా తెలుసు?” అన్నాను.

“దవాఖానల అదే మాట. ‘లేబుల్ కాడ ఆపుండ్రి, జర ఆపుండ్రి’ అని. జరంల పలవరిస్తున్నడనుకున్నం. ఆఫీసుకు ఫోన్ జేయాల్నని ఎవ్వరికి తోచలే. ఎవరికన్న ఏమన్న అయిందా అక్కా?”

“ఎవరికీ ఏం కాలేదు.”

ఆమె డబ్బా ఒళ్లో పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

డీబగ్గర్ రాసినవాళ్లకు మెయిల్ పంపాను. చెప్పకుండా ఆగే లోపమేదీ తమకు తెలియదని, మళ్లీ జరిగితే వివరాలు పంపమని మర్యాదగా జవాబిచ్చారు. మళ్లీ జరగలేదు.

అలసటలో నేనే గుర్తు పెట్టి మరిచిపోయి ఉంటానని మావారు అంటారు. అంత అలసట ఉన్నమాట నిజమే. కానీ గుర్తు పెట్టాలంటే ముందు ఫైలు తెరవాలి. నాకు అప్పగించిన ఆ లేబుళ్ల ఫైలును ఆ మధ్యాహ్నం దాకా నేను ఒక్కసారి కూడా తెరవలేదు. ఆ సంగతి మూర్తిగారికి చెప్పలేదు, రేణుకకూ చెప్పలేదు.