ఎర్రదారం చూసి అడగడం మానేశాను

ఆసుపత్రిలో నాకు నోరెక్కువ, తొందరెక్కువ అని పేరు. అది అబద్ధమని నేనెప్పుడూ అనలేదు. దోహాలో నర్సు డ్యూటీ చేస్తూ, శుక్రవారాలు చర్చిలో ఆరాధన అయ్యాక మా డాక్టరుగారితో కలిసి షహానియా వెళ్ళేదాన్ని. అక్కడ ఒంటెల ఫారాల్లో పనిచేసేవాళ్ళకి ఒక పోర్టాకేబిన్‌లో ఉచితంగా వైద్యం చేసేవాళ్ళం.

ఆ ఏడు రంజాన్ ఏప్రిల్‌లో వచ్చింది. షుగరున్న ప్రతి ఒక్కరినీ ఉపవాసం ఉంటున్నారా అని అడగాలనీ, ఉంటే మాత్రలు మార్చాలనీ డాక్టరుగారు ముందే చెప్పారు. సుడాన్ వాళ్ళనీ బంగ్లా వాళ్ళనీ ఒక్కరిని కూడా వదలకుండా అడిగాను. వాళ్ళ మధ్య షుగరున్న ఒక జగిత్యాల మనిషి కనిపించాడు. నాకంటే పెద్దవాడే. నా నోట తెలుగు విని ముఖమంతా నవ్వాడు.

"గోళీలు ఎప్పటిలెక్కనే ఏసుకోవాల్నా అక్కా?"

"ఎప్పటిలాగే. పొద్దున ఒకటి. మానారో, మీ సంగతి చెప్తా!" అన్నాను.

చేతికి ఎర్రదారం కట్టుకున్నవాణ్ణి రోజా ఉంటున్నావా అని అడిగేదేముంది అనుకున్నాను.

రెండు వారాల తర్వాత, మధ్యాహ్నం రెండింటికి, అతను మా మెట్ల దగ్గరికి వచ్చి కుప్పకూలిపోయాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. పిలిస్తే పలకడం లేదు. "ఎండదెబ్బ" అని అరిచి తడిగుడ్డలు కప్పించాను, ఫ్యాను దగ్గరికి లాగించాను. ఒళ్ళు చల్లగా ఉందని నా చేతికి తెలుస్తూనే ఉంది. అయినా ఒకసారి అన్నమాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. నాలుగు నిమిషాలు అలాగే పోయాయి. అతని చేతులు కొట్టుకోవడం మొదలైంది.

అతనితోపాటు వచ్చిన సుడాన్ మనిషి నన్ను పక్కకి నెట్టినంత పని చేశాడు. "సిస్టర్, సాయిం! హమారే సాథ్ రోజా!"

వాళ్ళ గదిలో అందరూ ఒకే పళ్ళెంలో తింటారట. వాళ్ళు పస్తుంటే ఎదురుగా కూర్చుని తినడానికి మనసొప్పక, మొదటి రోజు నుంచీ ఇతనూ ఉపవాసమే ఉన్నాడట. పైగా పొద్దున్నే నేను చెప్పిన మాత్ర.

వేలు గుచ్చి చూస్తే షుగరు అడుగంటిపోయింది. డాక్టరుగారు గ్లూకోజు తీశారు. నరం దొరకలేదు. రెండోసారీ జారిపోయింది. "ప్రభువా, నా తొందరకి ఇతన్ని బలి తీసుకోకు" అని పైకే అన్నాను. మూడోసారి సూది దిగింది. గ్లూకోజు మెల్లగా ఎక్కిస్తుంటే నేను అతని కనురెప్పల్నే చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి కళ్ళు తెరిచి కిటికీ వైపు చూశాడు. "పొద్దు గూకిందా?" అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటే నా నోరూ లేచింది. "ఉపవాసం ఉంటున్నానని నాకొక్క మాట చెప్పొద్దా?" అని గదమాయించాను. అనగానే సిగ్గేసింది. డాక్టరుగారి వైపు తిరిగి, "నేనే అడగలేదు సార్, తప్పు నాదే" అన్నాను.

అతనికి నా మాటలు సగమే వినపడినట్టున్నాయి. మాత్ర వేసుకోలేదని తిడుతున్నాననుకున్నాడేమో, నా చెయ్యి పట్టుకున్నాడు.

"లేదక్కా, ఒక్కదినం గుడ ఇడువలే. మనామె చెప్పింది గదా అని రోజూ ఏసుకున్న."