కప్పులోని చెట్టు

పొద్దుటి షిఫ్టుకు టోపీ లైటు తీసుకుంటుండగా చెప్పారు, మా బొగ్గుగని జియాలజిస్టు సారు పోయారని. గుండెపోటు, ఇంట్లోనే. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. సారు లేకుండా ఆ చీకట్లోకి దిగాలి.

గనిలో మాకొక అలవాటు. కూర్చునే ముందు తలపైనున్న రాతికప్పును ఇనుప కడ్డీతో కొట్టి వింటాం. డొల్లగా పలికితే దూరం జరుగుతాం. గట్టిగా మోగితే కిందే కూర్చుని సద్ది విప్పుతాం. అలా ఒకసారి ధీమాగా కూర్చున్నాను. అటుగా వచ్చిన సారు లైటు నా నెత్తి మీద ఆగింది.

"తమ్మీ, మెల్లగ నా దిక్కు రా."

"మంచిగనే మోగింది సారూ."

"రమ్మన్ననా లేదా!"

ఆయన గొంతు వణికింది. నేను లేచి జరిగిన కాసేపటికి, ఏ హెచ్చరికా లేకుండా, గుండ్రటి రాయి ఊడి నా సద్దిగిన్నె మీద పడింది. ఉట్టి రాయి కాదది, రాయిగా మారిన చెట్టు మొదలు. చుట్టూ పల్చటి బొగ్గు పొర ఉండడంతో, కొడితే ఎంత గట్టిగా మోగినా, పట్టు లేక ఒక్కసారిగా జారుతుందట. అలాంటివి కనిపించిన ప్రతిచోటా సారు సుద్దముక్కతో గుండ్రంగా గీసేవారు. "భయమైతేనే పైకి చూస్తం. భయపడుడు గూడ డ్యూటీనే" అనేవారు.

నన్ను చంపబోయిన ఆ మొదలును కోయించి, నునుపు చేయించి, ఒక ముక్కను తన టేబుల్ మీద పెట్టుకున్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతున్న ఒక రోజు నన్ను పిలిచి అందులోని వలయాలు చూపించారు.

"గీ వెడల్పుది చెట్టు పెరిగిన కాలం. గీ సన్నని నల్లగీత చలికాలం. పెరుగుడు ఆపింది."

"మన దిక్కు గంత చలా సారూ?" నాకు నవ్వొచ్చింది.

ఆయన నవ్వలేదు. "కోట్ల ఏండ్ల కింద ఈ నేల దక్షిణ ధ్రువం దిక్కుండె." వేలును అంచుకు జరిపారు. అక్కడ వలయాలు సన్నబడి ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. "చివర్ల దీనికి ఏదో పడలే. నీళ్లు తక్కువైనయో, ఎండ ఎక్కువైందో. బొగ్గంటే గిసొంటి అడవే, దాన్నే మనం తవ్వి కాలుస్తున్నం. ఆ పొగతోని వాతావరణాన్ని జల్ది మారుస్తున్నం. ఇప్పటి చెట్లను కోసి చూడాలంటేనే భయమైతాంది తమ్మీ."

నేనింకా ఊపిరి తీస్తున్నానంటే అది ఆయన చలవే. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

ఈ రోజు కొత్తగా తవ్విన గ్యాలరీలో పని. పాతదాని కప్పు నిండా సారు గీసిన తెల్లటి సున్నాలున్నాయి. వాటిని దాటాక, లైటు ఎంత దూరం వేసినా ఒక్క గీతా లేదు. కడ్డీ ఎత్తి కొట్టాను.

గట్టిగానే మోగింది.