టైపిస్టు దగ్గరున్న మూడు ఛాప్టర్లు

ఆ రోజుల్లో ఢిల్లీలో ఎం.ఫిల్. చేస్తున్న తెలుగువాళ్ళలో నా అంత మేధావి లేడని యూనివర్సిటీ అంతా చెప్పుకునేది. (యూనివర్సిటీ అంటే మా హాస్టల్ మెస్సు. చెప్పుకున్నది నేను.) పరిశోధన కాగానే లెక్చరరు ఉద్యోగం, పిమ్మట ఎలాగూ వైస్ ఛాన్సలర్ కుర్చీ అని నిశ్చయించుకున్నాను. అడ్డంకి ఒక్కటే: సిద్ధాంత వ్యాసంలో ఒక్క పేజీ కూడా రాయలేదు.

మా గైడుది గుంటూరు వైపు. మాస్టారనే పిలిచేవాణ్ణి. ఆయన ఎప్పుడడిగినా, "మూడు ఛాప్టర్లు టైపిస్టు దగ్గరున్నాయండీ" అనేవాణ్ణి. అక్కడి విద్యార్థులందరికీ అదే రక్షరేకు. టైపిస్టు దగ్గరున్నదాన్ని చూపించమని ఎవరూ అడగరు. ఇంకో రెండు నెలలు హాస్టల్ గది నిలవాలంటే, నా పని సంతృప్తికరంగా ఉందని ఆయన సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఫరీదాబాద్‌లో మా బావగారు తన ఫ్యాక్టరీలో నాకోసం స్టోర్స్ గుమాస్తా కుర్చీ తుడిపించి ఉంచారు.

ఫారం అందించాను. మాస్టారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు.

"ఆ టైపిస్టు ఎక్కడుంటాడోయ్?"

"గేటు బయటేనండీ..."

"అయితే పద. స్కూటరెక్కు."

ఆ వెనకసీటు మీద నేను మొక్కని దేవుడు లేడు. గేటు బయట రేకుల షెడ్డులో ముసలి టైపిస్టు పండిత్‌జీ టకటకా కొడుతున్నాడు. మాస్టారి వీపు చాటునుంచి రెండు చేతులూ జోడించాను.

"ఈ అబ్బాయివి మూడు ఛాప్టర్లు మీ దగ్గరున్నాయా?" అని మాస్టారు హిందీలో అడిగారు.

పండిత్‌జీ కళ్ళజోడు పైకి తోసి నన్ను చూశాడు. మాస్టారిని ఇంకాసేపు చూశాడు.

"హా జీ, ఉన్నాయి. మీరు ఇక్కడ చదివే రోజుల్లో మీవి నాలుగు ఛాప్టర్లు రెండేళ్ళు ఎక్కడున్నాయో, అక్కడే ఉన్నాయి. యాద్ హై, సాబ్, గుర్తుందా?"

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆపైన పగలబడి నవ్వుతూ స్టూలు మీద కూలబడ్డారు. "నేనూ ఇదే అబద్ధం చెప్పానోయ్! మా గైడు పెద్దమనిషి, వచ్చి చూడలేదు."

సంతకం అక్కడే పెట్టారు, ఒక షరతు మీద. రోజూ పదింటికల్లా ఆ షెడ్డులో కూర్చుని నేను నోటితో చెప్పాలి, పండిత్‌జీ కొట్టాలి. "అరే బేటా, ఈ ముక్క నిన్న కూడా చెప్పావ్!" అని ఆయన ఆగేవాడు. "కొట్టండి పండిత్‌జీ, పేజీ నిండాలి" అనేవాణ్ణి.

ఏడు వారాల్లో పూర్తయింది. పరీక్షకులు నివ్వెరపోయారని మా ఇంట్లో చెబుతుంటాను. (వాళ్ళు చూసింది మొదటి పేజీ, చివరి పేజీ.) వైస్ ఛాన్సలర్ కాలేదు గానీ, చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఆ వ్యాసాన్ని ఆసాంతం చదివినవాడు లోకంలో పండిత్‌జీ ఒక్కడే. రెండోవాణ్ణి నేనవుదామని మొన్న తీశాను. పదకొండో పేజీలో, 'దీన్ని మనం ముందే నిరూపించాం' అని ఉంది. ఎక్కడ నిరూపించానో వెనక్కి తిప్పి వెతికాను. ఎక్కడా లేదు. ఆ కుర్రాడికున్న ధైర్యంలో పావు వంతు కూడా ఇప్పుడు నా దగ్గర లేదు.