ఒళ్లో ఐసు డబ్బా

గోరిమేడులో ఆసుపత్రి ముందు బస్సెక్కి, ల్యాబుకు తీసుకెళ్తున్న ఐసు డబ్బాను కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. చుట్టూ తమిళ మాటల మధ్య ఫోనులో నా తెలుగు విని, పక్క సీటులోని పెద్దావిడ పలకరించింది.

"ఏందిమ్మా అందులో?"

"ఆపరేషన్‌లో తీసేసిన కండ ముక్క, అవ్వా. రక్తం అందకపోతే కణాలు కంటికి కనపడని బుడగలు వదులుతాయి. అవి చేరిన చోట కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. నా పని వాటిమీదే."

"కోసేసిన కాలు గూడా వదలతాదా?"

"కణాలు బతికున్నంతసేపు వదులుతుంది."

ఆమె వంగి డబ్బాను చూసింది.

"మా ఆయనకు చక్కెర జబ్బు. కాలు తీసేసి గుడ్డలో చుట్టిచ్చిరి. ఆటోలో ఒళ్లో పెట్టుకోని సుడుగాడుకు, అదే వల్లకాటికి, పోయి పూడ్చినా. మర్నాడు పాలు గూడా పోసినా. మొగుడు బతికుండంగానే ఈ పనేందని అందరూ తిట్టిరి." ఒడిని చేత్తో నిమురుకుంది. "దారంతా వెచ్చగానే ఉండె. అంటే, నన్ను రక్తం అడగతా ఉండిందేమో గదా?"

ఉప్పళం స్టాపులో దిగేముందు ఆమె నా డబ్బాను పైకెత్తి నా ఒళ్లో పెట్టింది.

"కింద పెట్టొద్దుమ్మా."

ఆ డబ్బా చల్లగానే ఉండాలి. అయినా ఇప్పటికీ, బస్సులో ఒళ్లో పెట్టుకున్న ప్రతిసారీ, అడుగున చెయ్యి పెట్టి చూస్తాను, వెచ్చబడిందేమోనని.