డిపో మొరిగిన బండ

బియ్యం డ్రమ్ము మూత తీయగానే వాసన గుప్పుమంది. నాలుగు రోజుల కింద కొన్న సీతాఫలాలను మగ్గడానికి బియ్యంలో దాచి, ఆ సంగతే మరిచిపోయాను. అవి మాత్రం తమ పని తాము చేసుకుని, మెత్తబడి, హయత్‌నగర్‌లోని మా ఇరుకు వంటింటిని ఒక్కసారిగా గద్దల గుట్ట చేసేశాయి. గట్టు దగ్గర నిలబడే ఒక పండు తిన్నాను. గింజలు చెత్తబుట్టలో వేయబోతే చెయ్యి రాలేదు. కడిగి, ఆరబెట్టి, కాగితంలో పొట్లం కట్టాను. మా మేనత్త యాదమ్మ నేర్పిన అలవాటది. గుట్ట పండు గింజ గుట్టకే చేరాలనేది ఆమె.

గద్దల గుట్ట మా ఊరి వెనకాలే ఉండేది. మా ఊరు ఇబ్రహీంపట్నానికి కూతవేటు దూరం. బాపు అక్కడి బస్సు డిపోలో మెకానిక్కు. ఒక వానాకాలం సాయంత్రం, ఆగి ఉన్న బస్సు కింద ముడుచుకున్న కుక్కపిల్లను టిఫిన్ సంచిలో వేసుకుని వచ్చాడు. పేరు కోసం తలలు బద్దలు కొట్టుకునే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు, డిపో కుక్క కాస్తా డిపో అయిపోయింది. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వంగి ఉండేది. ఎక్కడున్నా బస్సు హారన్ వినపడితే పుట్టింటి కబురు అందినట్టు తోక ఊపేది.

అవి పట్నం నలుదిక్కులా పాకుతున్న రోజులు. సాగర్ రోడ్డు పొడవునా వెంచర్ల జెండాలు రెపరెపలాడేవి, నిన్నటిదాకా జొన్న ఊగిన చేలల్లో తెల్లసున్నం పూసిన హద్దురాళ్ళు మొలిచేవి. డిపోకు ఆ రాళ్ళంటే ప్రాణం. ఒక్కటీ వదలకుండా ప్రతి రాయి దగ్గరా ఆగి కాలెత్తేది. "సూడుండ్రి, మన డిపో ఎన్ని ప్లాట్లు రిజిస్ట్రీ చేపిచ్చుకున్నదో!" అని బాపు కడుపు పట్టుకుని నవ్వేవాడు.

బడి లేని రోజు వచ్చిందంటే అత్తా, నేనూ, డిపో గుట్టెక్కాల్సిందే. జొన్నరొట్టెల మధ్య మిరపకాయ తొక్కు పెట్టి అత్త కొంగున మూటగట్టేది. ముందు డిపో, వెనక నేను, నా వెనక గంప నెత్తిన పెట్టుకుని అత్త. కింద తుమ్మముళ్ళు, పైన నిప్పులా కాలే బండలు, వాటి సందుల్లో నడుమెత్తు గడ్డి. బండల గుంతల్లో నిలిచిన వాననీళ్ళు డిపో గటగటా తాగుతుంటే అవతలి గుంతలో నేను దోసిలి పట్టేదాన్ని. ఎండాకాలం తునికి పండ్లు, తొలకరికి అరచేతిలో పాకే ఎర్రటి ఆరుద్ర పురుగులు, బతుకమ్మ నెలలో కొండంతా పచ్చగా పూసిన తంగేడు, తెల్లటి గునుగు, ఆ వెంటే సీతాఫలాలు. తంగేడు మండలు పరుచుకుని నున్నటి బండ మీద నేను జారితే, డిపో నా పక్కనే మొరుగుతూ పరుగెత్తి, కింద నాకంటే ముందు నిలబడేది. శిఖరం మీద కూర్చుంటే ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఎండకు తళతళలాడేది, సాగర్ రోడ్డు మీద బస్సులు చీమల్లా పాకేవి. కన్ను తెరిచిన కాయనే, అంటే గీతల మధ్య తెల్లబడ్డ కాయనే తెంపాలని అత్త నియమం. పచ్చికాయ మీద చెయ్యి వేశానా, చేతి మీద ఒక్కటి పడేది.

గుట్టకు సగం దారిలో ఏనుగుబండ ఉండేది. నిజంగానే ఏనుగు పడుకున్నట్టుండే ఆ బండ నీడలోనే మా రొట్టెలు అయిపోయేవి. నాకు పదేళ్ళప్పుడు ఒక వెంచర్‌వాళ్ళు గుట్ట మీదికి రోడ్డు వేయడం మొదలుపెట్టారు. దారిలో ఉన్న బండలన్నీ కంకర అవుతూ వచ్చాయి. ఏనుగుబండ వంతు వచ్చింది. దానికి రంధ్రాలు కొట్టి, తెల్లారి తూటాలు పెట్టి పేలుస్తామని సూపర్‌వైజర్ ఊళ్ళో చెప్పిపోయాడు.

ఆ సాయంత్రమే బతుకమ్మ కోసం తంగేడు పూలు తెంపడానికి పోయాం. డిపోకు ఒక ఉడుము కనపడింది. ఇక ఆగుతుందా? దాన్ని తరుముతూ ఏనుగుబండ వెనక్కి పోయింది, మళ్ళీ రాలేదు. గొంతు బొంగురు పోయేదాకా పిలిచాను. చీకటి పడుతుంటే అత్త నన్ను రెక్క పట్టి కిందికి ఈడ్చుకొచ్చింది. ఆ రాత్రంతా తెల్లారితే తూటాలన్న మాట ఒక్కటే చెవిలో మోగింది.

తెల్లవారీ తెల్లవారకముందే ఎక్కితే, బండ చుట్టూ మా ఊరు సగం ఉంది. గడ్డి కోయడానికి వచ్చిన ఆడవాళ్ళకు బండ కడుపులోంచి గుర్రుమని చప్పుడు వినపడిందట. ఇంకేం, నిమిషాల్లో ఊరంతా పాకింది. మా వాడలో అందరికంటే పెద్దదైన పోచవ్వ అప్పటికే బండ నుదుట పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేసింది. "తల్లికి కోపమొచ్చింది, మైసమ్మ తల్లి ఎలిసింది" అని చేతులు జోడించి ఊగుతోంది. బండ మళ్ళీ గుర్రుమంది. జనం సాగిలపడ్డారు. నా గుండె మాత్రం ఎగిరి గంతేసింది.

"అత్తా, గది మన డిపో!"

"అవ్ బిడ్డా, డిపోనే. ఏడ్వకు, బతికే ఉన్నది."

అత్త నన్ను వెనక్కి తీసుకుపోయింది. రెండు బండల మధ్య సన్నటి సందు, పెద్దవాళ్ళు పట్టరు. గొర్లు కాసే మల్లయ్య తాత తన గొంగడి ఇచ్చాడు. అత్త నా నడుముకు చీరకొంగు బిగించి కిందికి వదిలింది. మోచేతులు గీసుకుపోతున్నా దిగాను. చీకట్లో చెయ్యి చాస్తే వెచ్చటి బొచ్చు తగిలింది. వెనక కాలు రాళ్ళ మధ్య ఇరుక్కుపోయి, అరిచి అరిచి డిపో గొంతు పోయింది. నా చెయ్యి తగలగానే గుర్రుమనడం ఆపి నా మొహమంతా నాకింది. అప్పుడు ఏడ్చాను, ఆగకుండా ఏడ్చాను. చిన్న రాయి పక్కకు జరిపి కాలు విడిపించి, గొంగడి కడుపు కింద కట్టి కొస పైకి అందించాను. అత్తా, తాతా లాగితే ముందు అది, తర్వాత నేను పైకి తేలాం.

దుమ్ముకొట్టుకుపోయిన డిపో కుంటుకుంటూ జనం మధ్యలోకి వచ్చి ఒళ్ళు దులుపుకుంది. ఒకడు కిసుక్కున నవ్వాడు. సూపర్‌వైజర్‌కు ప్రాణం లేచివచ్చింది. "కుక్కనే గద! ఇగ జరుగుండ్రి, పని కానియ్యుండ్రి" అన్నాడు.

పోచవ్వ కదల్లేదు. "కుక్కయితే ఏంది? పసుపు పెట్టినంక గిది బండ గాదు, తల్లి. తల్లిని పలగ్గొడ్తరా?"

మా దగ్గర అంతే, పొరపాటున పెట్టినా పసుపు పసుపే. రాళ్ళు కొట్టే మేస్త్రి ఏ ఊరివాడో గానీ, గడ్డపార కింద పెట్టి చెప్పులు విడిచాడు. రోడ్డు ఏనుగుబండను చుట్టి వంకర తిరిగింది. మరుసటి ఆషాఢంలో అక్కడ తొలి బోనం ఎత్తినప్పుడు పోచవ్వే నైవేద్యంలోంచి మొదటి ముద్ద తీసి డిపో ముందు పెట్టింది. "తల్లి ఆపిందో, కుక్క ఆపిందో, బండయితే నిలబడ్డది" అని అత్త నా చెవిలో అంది.

మొన్న ఆదివారం గింజల పొట్లం పట్టుకుని, మా అమ్మాయిని వెంటబెట్టుకుని పోయాను. గుట్ట శిఖరం లేదు, గద్దలు లేవు, బండ గుంతల నీళ్ళు లేవు. తంగేడు పూసిన చోట ఇళ్ళు లేచాయి. డిపో పోయి చాలా ఏళ్ళయింది. పోచవ్వా లేదు. అత్తకు మోకాళ్ళు మొరాయించి ఇంటిపట్టున ఉంటోంది. ఏనుగుబండ మాత్రం నిండా పసుపుతో, చుట్టూ మేం ఉమ్మిన గింజల సీతాఫలం చెట్లతో పచ్చగా ఉంది. చిన్న గుడి కట్టారు. గద్దె మీద ఒక వీధికుక్క కాళ్ళు బారజాపి నిద్రపోతోంది. మా అమ్మాయి దాన్ని అదిలించబోతే కుర్ర పూజారి పరుగెత్తుకొచ్చాడు.

"అట్ల అదిలియ్యొద్దు పాపా! ఈడ మొదటి ముద్ద కుక్కకే పెట్టాలె."

"ఎందుకన్నా?" అంది మా అమ్మాయి.

"ఏమో తెల్వది. పెద్దలకాన్నుంచి ఉన్నది."

నేను పొట్లం విప్పాను. ఇద్దరం కలిసి గింజలు బండ సందులో జారవిడిచాం. తర్వాత ప్రసాదంలోంచి మొదటి ముద్ద తీసి మా అమ్మాయి ఆ కుక్క ముందు పెట్టింది. కింద రోడ్డు మీద ఏదో బస్సు హారన్ కొట్టింది. ఆ కుక్క నిద్రలోనే తోక ఊపింది.