పారిపోయిన వడ్రంగి

సింగపూర్‌లో ఉన్నప్పుడు, ఒక ఆదివారం టోవా పాయోలో అమెరికా విప్లవం మీద ఉచిత ఉపన్యాసం ఉందని తెలిసింది. ఇరవై ఏళ్లుగా కాలేజీలో చరిత్ర చెబుతున్నదాన్ని, వెళ్లకుండా ఉండగలనా? హాలు నిండిపోయింది. ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. అక్కడ అది పెడితే సీటు ఆపుకున్నట్టే, ఎవరూ కూర్చోరు.

"కూర్చోండి మేడమ్, మావోడు రానన్నాడు," అన్నాడు పక్క సీటతను. అంతకుముందు నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విన్నట్టున్నాడు. శ్రీకాకుళం మనిషి, తువాస్ షిప్‌యార్డులో వెల్డరట.

ప్రొఫెసర్ తెర మీద పాత పత్రిక చూపించారు. ఒక పక్క స్వేచ్ఛ గురించి గొప్ప వ్యాసం. ఆ పక్కనే, పారిపోయిన బానిసను పట్టిస్తే బహుమానమిస్తానని ఓ యజమాని ప్రకటన. మంచి వడ్రంగి అని కూడా రాశాడు.

"ఆ తర్వాత ఇతని గురించి ఎక్కడా రికార్డు లేదు," అన్నారాయన.

నేను నిట్టూర్చాను. వెల్డర్ నవ్వాడు.

"పారిపోయాడని అంత గోల చేసినోళ్లు, దొరికితే చెప్పరా మేడమ్? చేతిలో పనుంది, ఎక్కడైనా బతికేస్తాడు."

ఆధారం లేనిదే ఏదీ నమ్మొద్దని క్లాసులో ఇప్పటికీ చెబుతాను. ఆ వడ్రంగి దగ్గరికొచ్చేసరికి మాత్రం, తప్పించుకున్నాడనే చెబుతున్నాను.