నానమ్మ తోమిన నీలం

మొన్న ఖమ్మంలో వాచీల షాపాయన ఒకటి నా చేతికి పెట్టి, "సఫైర్ అద్దం మేడమ్, గీత పడదు" అన్నాడు. నాకా చెప్పేది? మా ఇంట్లో దాన్ని ఇటుకపొడితో తోమి మరీ చూశాం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. దమ్మపేట దగ్గర మా ఊళ్లో ఎమ్మెస్సీ దాకా వెళ్లిన మొదటి ఆడపిల్ల మా అక్క. సోమవారం హైదరాబాదులో పరిశోధన సీటుకు ఇంటర్వ్యూ. రెండు పదార్థాల గుణాలు పోల్చి చెప్పాలి. వాళ్ల సారు నమ్మి ల్యాబులోంచి రెండు బిళ్లలిచ్చాడు. ఒకటి రంగులేని నీలం రాయి, అదే సఫైర్. రెండోది ఇసుకను కరిగించి చేసిన సిలికా గాజు. చూపుకు కవలలే గానీ చేతిలో పెట్టుకుంటే నీలం దాదాపు రెండింతల బరువు. పేర్ల చీటీలు అంటించి, కిటికీలో పెట్టి, స్నానానికి వెళ్లింది మహాతల్లి. ఆ రోజు శనివారం. మర్నాడు మా ఇంట్లో ప్రార్థన కూటం. కూటమంటే నానమ్మకు ఇంట్లో మెరవని వస్తువు ఉండకూడదు. ఇత్తడి గ్లాసులతోపాటు ఆ బిళ్లల్నీ ఇటుకపొడి, బూడిద కలిపి కొబ్బరిపీచుతో తోమేసింది. చీటీలు పోయాయి. ఒక బిళ్ల నిండా సన్నటి గీతలు.

అక్క స్నానం చేసి వచ్చి చూసింది. "సారుకు ఏం మొహం చూపెట్టాలె? సీటు పోయినట్టే" అని కూలబడింది.

"ఏందే, గట్ల జూస్తవ్? మంచిగనే తోమిన గదా" అంది నానమ్మ.

నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం బిళ్లల్ని ఎండకెత్తి చూసి, "రెండూ ఒక్క తీరే తోమినవా నానమ్మా?" అంది.

"అవ్. నాకు తేడా ఏంది బిడ్డా?"

ఇంటర్వ్యూలో అక్క ఏమీ దాచలేదు. "మా నానమ్మ ఇటుకపొడితో ఒక్క తీరే తోమింది సార్. గీతలు పడ్డది సిలికా, పడనిది నీలం" అందట. అయితే నీలమే మేలా అని అడిగారు. "గీతలకైతే నీలం. ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచాలంటే సిలికా. నీలమైతే పగుల్తది. పని మీరు చెప్పుండ్రి, బిళ్ల నేను చెప్త." సీటు వచ్చింది. బిళ్లలిచ్చిన సారు గీతలు పడ్డదాన్ని అక్కకే ఉంచుకోమన్నాడు.

సీటు వచ్చాక, తర్వాతి ఆదివారం నానమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది. "దేవుని కృప, నా ఇటుకపొడి కలిసి మా పిల్లకు సీటు తెచ్చినయ్." నవ్వాపుకుంటూనే నేను అందరికంటే గట్టిగా హల్లెలూయా అన్నాను. ఆ రోజు మా అక్కను చూసి పొంగిపోయినట్టు మళ్లీ దేనికీ పొంగలేదు.

నానమ్మ పోయి చాలా ఏళ్లయింది. వాచీ కొన్నాను. అద్దం మీద ఇంతవరకు గీత పడలేదు. దాని కింద ముల్లు మాత్రం ఎవరి కోసమూ ఆగడం లేదు.